నా అనుభవం: ఆయన పక్కన కూర్చున్న నాకు సాయం ఎక్కడ దొరికిందంటే

మా ఆయనకు బుగ్గ క్యాన్సర్ అని తెలిసింది 2023 ఆగస్టులో. ఆయన ఎలక్ట్రీషియన్. ఇరవై ఏళ్లు ఖైనీ బుగ్గన పెట్టుకుని పనిచేసిన మనిషి. ఎడమ బుగ్గ లోపల ఒక పుండు లేచి మూడు నెలలైనా మానలేదు. పన్ను గుచ్చుకుని అలా అవుతోందనుకుని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆ డాక్టరు నోరు తెరిపించి చూసి, లైటు పక్కకు జరిపి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ముక్క పరీక్ష (బయాప్సీ) రాశారు.

జబ్బు గురించి, వైద్యం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది రోగి పక్కన ఉండే మనిషి గురించి. అంటే నా గురించి. ఆయన అంత బాధ పడుతుంటే నా గురించి రాసుకోవడం ఏమిటని చాలా రోజులు ఆగిపోయాను. ఆసుపత్రిలో నాలాంటి వాళ్లను ఎంతోమందిని చూశాక రాయాల్సిందే అనిపించింది.

మేముండేది హైదరాబాద్‌లోని బోరబండలో. నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఫీజు కౌంటర్‌లో కూర్చుంటాను. అబ్బాయి అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం, అమ్మాయి ఏడో తరగతి. రేషన్ కార్డు ఉంది కాబట్టి ఆపరేషన్, రేడియేషన్ ఆరోగ్యశ్రీలో అయ్యాయి. ఆరోగ్యశ్రీ లేకపోతే మా పరిస్థితి ఏమయ్యేదో ఊహించుకోలేను. మాకు రేడియేషన్ నడుస్తుండగానే, ఆ డిసెంబర్‌లో, పథకం పరిమితిని పది లక్షలకు పెంచారు. కానీ ఆరోగ్యశ్రీ రోగి వైద్యానికి. ఆటో ఖర్చు, పోయిన జీతం, రాత్రి నిద్ర దాని కిందికి రావు.

ఆపరేషన్‌లో ఎడమ దవడ కొంత తీసేసి, ఛాతీ దగ్గరి కండతో బుగ్గ పూడ్చారు. ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్ వేశారు. డిశ్చార్జి రోజు ఒక నర్సమ్మ హడావుడిగా సిరంజితో పాలు ఎలా పోయాలో ఒక్కసారి చూపించి వెళ్లిపోయింది. ఆమె తప్పు కూడా కాదు, ఆ వార్డులో ఆమె ఒక్కతే ఉంది. ఇంటికొచ్చాక రెండు గంటలకోసారి రెండు వందల మిల్లీలీటర్ల చొప్పున వడకట్టిన రాగిజావ, పప్పుకట్టు, పాలు. పోసే ముందు నీళ్లు, పోశాక నీళ్లు. తల ఎత్తుగా పెట్టాలి, తర్వాత అరగంట దాకా పడుకోబెట్టకూడదు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాను.

మూడో రోజు రాత్రి దగ్గుతో ట్యూబ్ బెత్తెడు బయటికి వచ్చేసింది. దాన్ని లోపలికి తొయ్యాలా, తీసెయ్యాలా, జావ పొయ్యొచ్చా, ఏదీ తెలియదు. రాత్రి ఒంటిగంటకు ఆటో మాట్లాడుకుని క్యాజువాలిటీకి పరిగెత్తాం. ముక్కు దగ్గర ట్యూబ్ మీద ఒక గుర్తు పెట్టుకోవాలని, ఆ గుర్తు జరిగితే చుక్క నీళ్లు కూడా పొయ్యకుండా తీసుకురావాలని అక్కడున్న జూనియర్ డాక్టరు చెప్పాడు. జారిన ట్యూబ్‌లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందట. ఈ ఒక్క మాట డిశ్చార్జి రోజే చెప్పి ఉంటే బాగుండేది. ఇంటికి ట్యూబ్‌తో వెళ్తున్న వాళ్లెవరైనా ఇది చదివితే, ‘ఇది జారితే ఏం చెయ్యాలి’ అని అక్కడే అడిగి, నర్సు చూస్తుండగా మీ చేత్తో ఒకసారి ఫీడింగ్ చేసి మరీ బయల్దేరండి.

రేడియేషన్ 30 సిట్టింగులు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఆరు వారాలు. మొహానికి ప్లాస్టిక్ మాస్కు బిగించి పడుకోబెట్టేవాళ్లు. నాలుగో వారానికి నోరంతా పుండ్లు. ఆ ఆరు వారాలూ నేను స్కూలుకు సరిగా వెళ్లలేదు. మొదటి నెల సగం జీతం ఇచ్చారు, తర్వాత లాస్ ఆఫ్ పే అన్నారు. ప్రైవేటు ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇంట్లో రోగిని చూసుకోవడానికి జీతంతో సెలవు ఇవ్వాలన్న చట్టం మన దగ్గర లేదు. క్యాన్సర్ ఇంట్లోకి వస్తే సంపాదించే ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. ఈ విషయం మీద ప్రభుత్వాలు ఆలోచించాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

చుట్టాలు వచ్చేవారు. పండ్లు తెచ్చేవారు, ఆయన తినలేడని తెలిసినా. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర అందరూ ఒకటే మాట: “ఏ అవసరమొచ్చినా ఒక్క ఫోన్ కొట్టు.” వాళ్లు మనసులోంచే అన్నారు. కానీ నేను ఒక్కరికీ కొట్టలేదు. ఏమని అడగాలి? నాకు కావలసింది రెండు గంటల నిద్ర. అది ఫోన్ చేసి అడిగే వస్తువని నాకు తోచలేదు.

రేడియేషన్ అయ్యాక ట్యూబ్ తీసేశారు. ఆరు నెలలు మెత్తని అన్నం తిన్నారు, వైరింగ్ పనికి కూడా నాలుగైదు రోజులు వెళ్లొచ్చారు. 2024 జూలైలో మెడ దగ్గర గడ్డ కనిపించింది. మళ్లీ ముక్క పరీక్ష, మళ్లీ స్కాన్. ఈసారి డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఇంకో ఆపరేషన్ లాభం లేదని చెప్పి, “ఇక పాలియేటివ్‌కి తీసుకెళ్లండమ్మా” అన్నారు.

నాకు ఆ మాట ‘ఇంటికి తీసుకెళ్లండి’ అన్నట్టు వినిపించింది. అంటే అయిపోయిందని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ చీటీని బీరువాలో చీరల కింద పెట్టేశాను.

రెండు నెలలు అలాగే పెట్టాను. నా జీవితంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఆ రెండు నెలలే. గడ్డ పగిలి పుండైంది. మళ్లీ ట్యూబ్ వేయించాల్సి వచ్చింది. నొప్పికి మెడికల్ షాపులో తెచ్చిన గోళీలే వేసేదాన్ని. అవి గంట పనిచేస్తే మూడు గంటలు పనిచేసేవి కావు. రాత్రి ఆయన దిండు పళ్ల మధ్య బిగించి మూలిగేవారు, పిల్లలకు వినపడకూడదని. పుండు వాసన ఇల్లంతా ఉండేది. కిటికీలు తెరిచినా, సాంబ్రాణి వేసినా పోయేది కాదు. అమ్మాయి చదువుకుంటానని చెప్పి కింద వాటాలో పర్వీన్ ఆపా వాళ్లింటికి వెళ్లి అక్కడే పడుకునేది. అది వాసనకు వెళ్తోందని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ముగ్గురమూ ఆ మాట అనుకోలేదు.

మార్ఫిన్ అనే మందు ఉందని మా మరిది చెప్పాడు, కానీ చెబుతూనే, “అది పోయేవాళ్లకు ఇస్తారు వదినా, అలవాటైపోతుంది, మొదలుపెడితే ఇక అంతే” అన్నాడు. నేను నమ్మాను.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి, రెండు దాటాక, మేడ మీదికి వెళ్లి నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని 14416కి ఫోన్ చేశాను. అది టెలీ మానస్, ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మా స్కూల్లో పిల్లల పరీక్షల టెన్షన్ కోసం అంటించిన పోస్టర్ మీద రోజూ చూసేదాన్ని. అవతలి అమ్మాయి నాకు సలహాలేమీ ఇవ్వలేదు. నేను ఏడుస్తుంటే ఆగింది. చివర్లో మాత్రం, “ఆయనకు నొప్పికి వైద్యం జరుగుతోందా అమ్మా?” అని అడిగింది. లేదు అని నా నోటితో నేను చెప్పాల్సి వచ్చింది. పొద్దున్నే బీరువా తెరిచాను.

లక్డీకాపూల్ మెట్రో స్టేషన్‌లో దిగితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరే. ప్రభుత్వ ఆసుపత్రి, 1955 నుంచి ఉంది. అక్కడ పాలియేటివ్ కేర్‌కు వేరే విభాగం ఉంది. వరుసలో పక్కన నల్గొండ నుంచి వాళ్ల అమ్మను తీసుకొచ్చిన ఒకామె కూర్చుంది. నేను వణుకుతుంటే చూసి, “ఇక్కడికి మేం ఏడాదిగా వస్తున్నం అక్కా, ఇది నొప్పి డాక్టర్ల కాడ” అంది. ఏడాది అన్న మాట వినగానే నా భుజాలు కిందికి దిగాయి. ఇక్కడికి వచ్చినవాళ్లంతా మర్నాడే పోరన్నమాట. తర్వాత అక్కడి డాక్టరమ్మ కూడా అదే చెప్పారు. పాలియేటివ్ అంటే వైద్యం ఆపేయడం కాదు, నొప్పికి, ఆయాసానికి, పుండుకు, మనసుకు చేసే వైద్యం. జబ్బు తెలిసిన మొదటి రోజు నుంచీ, కీమోతో పాటు కూడా తీసుకోవచ్చు. అందులో ఇంట్లోవాళ్లను చూసుకోవడం కూడా ఒక భాగం.

నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత ఉందని ఆయన్ను అడిగారు. ఆయన పలక మీద 9 అని రాశారు. మార్ఫిన్ మాత్రలు రాశారు, ట్యూబ్‌లోంచి ఎలా ఇవ్వాలో, నొప్పి వచ్చేదాకా ఆగకుండా టైము ప్రకారం ఎందుకు ఇవ్వాలో చెప్పారు. దాంతో విరేచనం గట్టిపడుతుంది కాబట్టి దానికి మందు తప్పకుండా పక్కనే ఉండాలన్నారు. మరిది చెప్పిన భయం అడిగేశాను. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చూసుకుంటూ ఇచ్చే మందుకూ, మత్తు కోసం వాడేదానికీ తేడా ఓపికగా వివరించారు. పుండు వాసనకు మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి చల్లడం నేర్పించారు. నర్సు ఎదురుగా నా చేత్తో కట్టు కట్టించారు, రెండుసార్లు. నాలుగు రోజుల్లో వాసన తగ్గింది. వారంలో పలక మీద 9 కాస్తా 3 అయింది. అమ్మాయి మళ్లీ ఇంట్లోనే పడుకుంటోంది.

వచ్చింది ఆయన కోసం. కట్టు కట్టడం అయ్యాక ఆ నర్సమ్మ చేతులు కడుక్కుంటూ నన్ను చూసి, “మీరు రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు?” అంది. లెక్కపెట్టబోయి ఆగిపోయాను. “ఏమైనా మందులు వాడతారా?” అంది. థైరాయిడ్ మాత్ర వాడతాను. వాడేదాన్ని. ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నానో గుర్తు రాలేదు. బీపీ చూస్తే 160. పద్నాలుగు నెలల్లో ఒక తెల్లకోటు మనిషి నా చెయ్యి పట్టుకుని చూడడం అదే మొదటిసారి. అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చాను.

తర్వాతి వారం ఒక కౌన్సెలర్‌తో మాట్లాడాను. ఆమె ఒక కాగితం మీది ప్రశ్నలు ఒక్కొక్కటే తెలుగులో అడిగారు. రోగిని చూసుకునే వాళ్ల మీద ఎంత భారం పడుతోందో తెలుసుకోవడానికి ప్రపంచమంతా వాడే 22 ప్రశ్నలట, జారిట్ అనే ఆయన పేరుతో ఉంటాయి. మీకంటూ సమయం మిగలడం లేదనిపిస్తుందా? మీ ఆరోగ్యం పాడైందనిపిస్తుందా? అలా సాగాయి. ఆయన దగ్గరున్నప్పుడు కోపం వస్తుందా అన్న ప్రశ్నకు లేదన్నాను. ఆమె రాయకుండా పెన్ను పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి నేనే చెప్పాను. తెల్లవారుజామున నాలుగింటి ఫీడింగ్‌కు లేస్తూ ఒకసారి సిరంజి గోడకేసి కొట్టానని, ఆ ఖైనీ పొట్లాలు గుర్తొచ్చి ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదని. ఆయన పలక మీద ‘తప్పు నాదే’ అని రాసి చూపిస్తే కూడా మొహం తిప్పుకున్నానని. ఆమె ఆశ్చర్యపోలేదు. “ఈ కుర్చీలో కూర్చున్న వాళ్లందరూ ఇది చెబుతారమ్మా” అన్నారు. ఆ మాటతో నాకు ఎంత బరువు దిగిందో చెప్పలేను.

ఆమె చెయ్యించిన పని ఒకటి మీ అందరికీ చెప్పాలి. రోజంతా నేను చేసే పనులు వరుసగా రాయమన్నారు. ఒక పక్క నేను మాత్రమే చెయ్యగలిగినవి, రెండో పక్క ఇంకెవరైనా చెయ్యగలిగినవి. మొదటి పక్క మూడు పనులే తేలాయి. రెండో పక్క కాగితం తిప్పి వెనక కూడా రాశాను. అందులో ఒక పని చూపించి, ఇప్పుడే, ఇక్కడే, ఎవరికైనా ఏ రోజో, ఏ టైమో చెప్పి ఫోన్ చెయ్యమన్నారు.

మా వదినకు చేశాను, ఆయన అక్కకు. “వదినా, ప్రతి మంగళవారం పదింటి నుంచి ఒంటిగంట దాకా మా ఇంట్లో కూర్చుంటారా? నేను పడుకోవాలి.” పడుకోవాలి అన్న మాట గొంతులో అడ్డుపడింది. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, “ఇన్నాళ్లకు అడిగినవా” అని వదిన ఏడ్చేసింది. తమ్ముడి దగ్గర కూర్చోవాలని ఆమెకు ఉండేదట, నేను ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదని వెనక్కి తగ్గిందట. నేనెప్పుడూ ఆ వైపు నుంచి ఆలోచించలేదు.

అక్కడి నుంచి ఒక్కొక్కటీ పంచాను. ఆసుపత్రికి వెళ్లి మందులు తేవడం, ఆపరేషన్‌కు ముందు మేం చేతి నుంచి పెట్టిన పరీక్షల బిల్లులతో సీఎం రిలీఫ్ ఫండ్‌కు అప్లికేషన్ పెట్టడం మరిదికి. బిల్లులు ఒరిజినల్సే అడుగుతారు, ఒక్కటీ పారేయకండి. అమ్మాయిని ట్యూషన్ నుంచి తీసుకురావడం పర్వీన్ ఆపాకు. శనివారం రాత్రి ఫీడింగ్ మా అబ్బాయికి. మగపిల్లాడు, వాడికేం తెలుస్తుందని, ఇంటర్ రెండో సంవత్సరం చదువు పాడవుతుందని అన్నాళ్లూ దూరం పెట్టాను. వాడు ఒక్క వారంలో నేర్చుకున్నాడు. ఇప్పుడు తండ్రీకొడుకులు ఆ రాత్రి పలక మీద ఏవేవో రాసుకుంటూ మేలుకుంటారు. 2019లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వే గురించి ఎక్కడో చదివాను. ఇంట్లోవాళ్లను చూసుకునే పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 134 నిమిషాలు, మగవాళ్లు 76 నిమిషాలు పెడుతున్నారట. మా ఇంట్లో ఆ తేడా చాలావరకు నేనే పెంచాను, అడగకుండా.

అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. మధ్యలో ఒక ఏజెన్సీ నుంచి ఇంటికి మనిషిని పెట్టుకున్నాం, నెలకు 24 వేలు. వచ్చిన కుర్రాడు ట్యూబ్ ఎప్పుడూ చూడలేదు. మూడో రోజు మానేశాడు, అడ్వాన్సు తిరిగి రాలేదు. మనిషిని పంపే ముందు ట్యూబ్ ఫీడింగ్, కట్టు వచ్చా అని మనిషితోనే మాట్లాడి అడగాలి, ఆఫీసులో వాళ్లతో కాదు.

జనవరిలో ఆయనకు పుండు నుంచి రక్తం కారడం మొదలైనప్పుడు ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్‌లో, అంటే నయం కాని జబ్బున్నవాళ్లను ఉంచుకుని చూసుకునే చోట, తొమ్మిది రోజులు ఉన్నాం. అక్కడ డబ్బు తీసుకోరు. హాస్పిస్ అన్నా నాకు భయమే, కానీ ఈసారి చీటీ బీరువాలో పెట్టలేదు. రక్తం అదుపులోకి వచ్చాక ఇంటికి పంపారు. ఇంటి దగ్గర ఎర్రగా రక్తం వస్తే ఏం చెయ్యాలో చెప్పి, రక్తం అంతగా కనపడకుండా ముదురు రంగు తువ్వాళ్లు దగ్గర పెట్టుకోమని కూడా చెప్పి పంపారు. ఆ తువ్వాళ్ల మాట వినడానికి కష్టంగా ఉంది. అయినా చెప్పినందుకు వాళ్లకు దండం పెట్టుకున్నాను, ఎందుకంటే రాత్రి ఒంటిగంటకు ఏమీ తెలియకుండా నిలబడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

దూరం నుంచి వచ్చేవాళ్లకు రెండు మాటలు. వైద్యానికి వెళ్లి వచ్చే క్యాన్సర్ రోగికి రైల్లో రాయితీ ఉంటుంది, తోడు వచ్చే ఒకరికి కూడా. ఆసుపత్రి నుంచి దానికి సర్టిఫికెట్ అడగండి. పాలియేటివ్ కేర్ హైదరాబాద్‌లోనే కాదు, తెలంగాణ జిల్లాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ కేంద్రాలు పెట్టారు, ఇళ్లకు వచ్చి చూసే బృందాలు ఉన్నాయి. నల్గొండ ఆమె ఇప్పుడు ప్రతిసారీ హైదరాబాద్ రావడం లేదు.

ఆయన పరిస్థితి నాకు తెలుసు. డాక్టరమ్మ దాచలేదు, నేనూ దాచమనలేదు. పిల్లలకు కూడా చెప్పాం, కౌన్సెలర్ పక్కన కూర్చుని ఎలా చెప్పాలో చూపించారు. ఇప్పుడు ఆయనకు నొప్పి లేదు, పగలు రెండు గంటలు కుర్చీలో కూర్చుంటారు, టీవీలో క్రికెట్ పెట్టమంటారు.

ఇవాళ మంగళవారం. వదిన పదింటికే వచ్చింది. గంటన్నర పడుకుని లేచి ఇది రాస్తున్నాను. వంటింట్లో ఆమె రాగిజావ వడకడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వేడి ఎంత ఉండాలో మొదట్లో నన్ను పిలిచి చూపించేది, ఇప్పుడు పిలవడం లేదు. ఒంటిగంటలోపు నేను ల్యాబ్‌కు వెళ్లి నా థైరాయిడ్ రిపోర్టు తెచ్చుకోవాలి.